నిమ్మకాయ పడకుండా పావుమైలు

మా రావెలకుదురులో పాత కార్ల పందెం పదకొండేళ్ళపాటు ఏ అనుమతీ లేకుండా, ఏ ప్రమాదమూ లేకుండా జరిగింది. పన్నెండో ఏడు ప్రభుత్వంవారి అనుమతితో జరిగింది. ఆ సంగతి చెబుతాను.

ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, మిరపచేల మధ్య, ఎప్పుడో యుద్ధకాలంలో విమానాల కోసం పోసిన సిమెంటు రన్‌వే ఒకటి ఉంది. దానిమీద విమానాలు దిగాయో లేదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. మిరపకాయలు మాత్రం ఏటా దిగుతాయి. అవి ఆరబోతకు రాకముందే, డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున, మేం అక్కడ చేరేవాళ్ళం. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. తువ్వాలు దించగానే బయల్దేరతాయి. పావుమైలు అవతల ముగ్గుపిండితో వేసిన గీతను ముందు దాటింది గెలిచినట్టు. అంతకంటే మర్మమేమీ లేదు. మొత్తం వ్యవహారం అరనిమిషంలో తేలిపోతుంది. దాని గురించిన మాటలు మళ్ళీ డిసెంబరు దాకా సాగుతాయి.

ఆ బండ్లు మామూలు పాత బండ్లు కావు. మడ్‌గార్డులు కోసేసి, వెనక సీటు పీకేసి, సైలెన్సరు సగానికి తెగ్గొట్టి, ఇంజనుకు పెద్ద కార్బురేటరు బిగించినవి. బయటి దేశాల్లో వీటిని హాట్‌రాడ్లంటారట. మేం కోతబండ్లంటాం. కోసినవి కనక ఆ పేరు వచ్చిందని యజమానులు చెబుతారు. యజమానులు కోసే కోతలవల్ల వచ్చిందని ఊరివాళ్ళు చెబుతారు.

వీళ్ళ సంఘం పేరు పావుమైలు సంఘం. నేను దానికి కార్యదర్శిని. నాకు కారు లేదు, నడపడం రాదు. డ్రాయింగు మాస్టారుగా రిటైరైనవాణ్ణి. చేతిరాత బాగుంటుందని ఆ పదవి నాకిచ్చారు.

సభ్యుల్లో ఇద్దరి గురించి చెప్పాలి. షేక్ నాగూర్ మీరా బస్సు డిపోలో ముప్ఫయ్యారేళ్ళు మెకానిక్కుగా చేశాడు. ఆయన తెల్ల అంబాసిడరు పదకొండు పందేల్లో తొమ్మిది గెలిచింది. గెలవని రెండుసార్లూ ఎండ ఎక్కువగా ఉందని ఆయన అంటాడు.

రెండో మనిషి కర్నాటి సులోచన. ఆవిడ ముప్ఫై రెండేళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపింది. ఊళ్ళో కారు నడిపే ఆడవాళ్ళందరూ, మగవాళ్ళలో సగంమందీ ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. ఆవిడ ఫియటుకు ఎడమసీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. యాక్సిలేటరు ఉండదు. నేర్చుకునేవాళ్ళు తడబడితే ఆవిడ ఆపాలి, అంతే. స్కూలు మూసేశాక రెండేళ్ళు కూర్చుని, మీరా సాయంతో ఆ ఫియటును కోతబండి చేసుకుంది. ఎడమవైపు పెడళ్ళను మాత్రం తీయనివ్వలేదు. అన్నం పెట్టిన పెడళ్ళట.

"నా బతుకంతా బ్రేకు మీదే గడిచింది మాస్టారూ," అంది ఒకరోజు. "ఎదుటోళ్ళు తొక్కుతుంటే ఆపటమే నా పని. ఒక్కసారి ఆ యాక్సిలేటరు అడుగంటా తొక్కి, ఏమవుద్దో చూడాల."

ఆ ఏడు ఆవిడకు మొదటి పందెం. అదే చివరిది కూడా అని నవంబరులో తెలిసింది. రన్‌వే స్థలాన్ని మిర్చి కోల్డ్‌స్టోరేజీకి ఇచ్చేశారు. జనవరిలో శంకుస్థాపన. అప్పటికే గేటు పెట్టి తాళం వేశారు. తాళం తీయాలంటే జిల్లా ఉత్సవాల అనుమతుల విభాగం నుంచి కాగితం రావాలి. సులోచన, నేను కలిసి వెళ్ళాం.

ఆ విభాగానికి సూపరింటెండెంటు చామర్తి పరాంకుశరావుగారు. ఆయన గురించి చెడుగా చెప్పడానికి ఏమీ లేదు. చేయి చాచే రకం కాదు, కసురుకునే రకం కాదు, వచ్చిన దరఖాస్తుకు వారంలో జవాబిస్తారు. ఈ ప్రపంచంలో జరిగే ప్రతి పనికీ ఎక్కడో ఒకచోట ఒక నిబంధన రాసిపెట్టి ఉంటుందనీ, దాన్ని వెతికి పట్టుకోవడమే ఉద్యోగమనీ ఆయన నమ్మకం.

దరఖాస్తు మీద నా చేతిరాతను మెచ్చుకుని, మొదటి వాక్యం దగ్గరే ఆగారు.

"పందెం అన్న మాట కొట్టేయండి. పందెమంటే జూదం. జూదానికి మా దగ్గర ఫారం లేదు."

"పోటీ అని రాయమంటారా?"

"రాయండి. పోటీ అంటే క్రీడ. క్రీడ అన్నప్పుడు పోటీదారులుంటారు. పోటీదారుల వయస్సెంత?"

"నడిపేవాళ్ళ వయసా అండీ?"

"పరుగెత్తేదెవరు?"

"కార్లు."

"మరి వాటి వయస్సే కదండీ అడిగేది."

సులోచన బండ్ల రిజిస్ట్రేషన్ పుస్తకాలు తీసి చూపించింది. ఆవిడ ఫియటుకు అరవై మూడు. మీరా అంబాసిడరుకు అరవై ఒకటి. పొట్లూరి చలమయ్య అనే మోతుబరి రైతు జీపుకు డెబ్బై నాలుగు. మిగతా ఆరు బండ్లకూ ఇంకా అరవై నిండలేదు. పరాంకుశరావుగారు ఆ ఆరింటికీ పెన్సిలుతో సున్నా చుట్టి, "వీరు యువజన విభాగం కిందికి వస్తారు. వచ్చే ఆర్థిక సంవత్సరం రమ్మనండి," అన్నారు. తర్వాత మిగిలిన మూడు పేర్లూ చూడగానే ఆయన ముఖం తేటపడింది. బీరువా తెరిచి పద్నాలుగు పేజీల పుస్తకమొకటి తీశారు.

"వయోవృద్ధుల క్రీడోత్సవ మార్గదర్శకాలు," అన్నారు.

"అవి మనుషులకండీ," అంది సులోచన.

"అమ్మా, ఇందులో 'అరవై సంవత్సరములు నిండిన పోటీదారు' అని ఉంది. మనిషి అని ఒక్కచోట కూడా లేదు. ఇది రాసినవారు పెద్దవారు. మనిషి అని రాయాలనుకుంటే రాసి ఉండేవారు కారా?"

మేం దరఖాస్తు ఆయన చేతిలో పెట్టి వచ్చేశాం. వారం తిరక్కుండా షరతులతో ఉత్తరం వచ్చింది. పోటీదారులు ముగ్గురూ ప్రభుత్వ వైద్యుని వద్ద ఆరోగ్య ధ్రువపత్రం పొందవలెను. ప్రతి పోటీదారుతో ఒక సహాయకుడు ఉండవలెను. వృద్ధులు పరుగెత్తరాదు. అనుమతించబడిన క్రీడలు మూడు: వంద మీటర్ల నిదాన నడక, కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ. వీటిలో ఒకటి ఎంచుకుని తెలియజేయవలెను.

ముందు ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టర్ ఫణిశ్రీ అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. ఉత్తరం రెండుసార్లు చదివి, కిటికీలోంచి ఆవరణలో నిలబెట్టిన మూడు బండ్లనూ చూసి, స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని బయటికి వచ్చింది. ఫియటు బానెట్ మీద పెట్టి విన్నది.

"గుండె కాస్త గట్టిగా కొట్టుకుంటోంది."

"పెద్ద కార్బురేటరండీ," అన్నాడు మీరా.

"దగ్గుందా?"

"పొద్దున పూట ఉంటదమ్మా. వేడెక్కితే తగ్గుద్ది."

బీపీ పట్టీ ఎక్కడ చుట్టాలో ఎవరికీ తెలియలేదు. చివరికి సైడు అద్దం కాడకు చుట్టింది. ముల్లు కదల్లేదు. 'నిలకడగా ఉంది' అని రాసుకుంది. మందుల చీటీ దగ్గరకొచ్చేసరికి కలం ఆపి, "ఈ వయసులో అందరికీ నూనె తగ్గించమని రాస్తాం," అంది.

మీరా నిజంగానే కంగారుపడ్డాడు. "వద్దమ్మా! నూనె తగ్గిస్తే మనిషి చచ్చిపోద్ది!"

"అయితే వేళకు వెయ్యండి అని రాస్తాను," అని సంతకం చేసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపు లోపల్నుంచి నవ్వు వినబడింది.

తర్వాత క్రీడ ఎంచుకోవాలి. సులోచన ఇంటి వరండాలో కూర్చున్నాం. నిదాన నడక వంద మీటర్లేనని మీరా ఒప్పుకోలేదు. కుర్చీలాటకు చలమయ్య సిద్ధపడ్డాడు గాని, జీపు కూర్చున్నాక ఆ కుర్చీ ఎవరు కొనిపెడతారన్న చర్చ వచ్చి మానుకున్నాడు. మిగిలింది నిమ్మకాయ. నేను మార్గదర్శకాలు మళ్ళీ చదివితే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, చెంచా నిమ్మకాయ ఆటకు దూరం నిర్వాహకుల ఇష్టం. పావుమైలు పెట్టుకోవచ్చు. రెండు, పరుగంటే ఏమిటో తొమ్మిదో పేజీలో వివరంగా రాశారు: పోటీదారు పాదములన్నియు ఒకేసారి నేలను విడుచుట.

"నాలుగు చక్రాలూ ఒక్కసారే గాల్లోకి లేవకపోతే పరుగు కాదన్న మాట," అన్నాడు మీరా మెల్లగా. "అంటే ఎంత తొక్కినా నడకే!"

"నిమ్మకాయ పడకుండా తొక్కాలన్నా," అంది సులోచన.

ఆ సంగతే రాసి పంపితే రన్‌వే తాళం తీశారు. పందేనికి మిగిలిన పదిరోజులూ ఇద్దరూ అక్కడ విడివిడిగా సాధన చేశారు. మీరా చెంచాకు స్ప్రింగు కట్టాడు. సులోచన నిమ్మకాయను ఒకవైపు కాస్త చెక్కింది. ఈ సంగతి ఎలా తెలిసిందో, పరాంకుశరావుగారి నుంచి అనుబంధ ఉత్తరం వచ్చింది. స్ప్రింగు, జిగురు, సూది, దారం నిషిద్ధం. నిమ్మకాయ గుండ్రముగా, ప్రకృతి ప్రసాదించిన విధముగా ఉండవలెను. చెంచాను పోటీదారు నోటితో పట్టుకొనవలెను. వాహనములకు ముందున్న జాలీయే నోరుగా పరిగణించడమైనది.

గతుకుల సిమెంటు మీద నున్నటి నిమ్మకాయ. గంటకు పన్నెండు కిలోమీటర్లు దాటితే పడిపోతోంది. సులోచన మాట్లాడటం తగ్గించేసింది. ఒకసారి మాత్రం, "నేర్చుకోవటానికొచ్చిన పిల్లలు కూడా మూడోరోజుకి ఇంతకన్నా స్పీడుగా పోయేవాళ్ళు మాస్టారూ," అంది.

ఆదివారం వచ్చింది. పొద్దున తొమ్మిదికల్లా రన్‌వే పక్కన షామియానా, ప్రథమ చికిత్స బల్ల, 'వయోవృద్ధులకు స్వాగతం' అన్న గుడ్డ బ్యానరు వెలిశాయి. ఊరు ఊరంతా వచ్చింది. పోటీదారుల్ని శాలువాలతో సత్కరించారు. అంటే బానెట్ల మీద పరిచారు. తలా ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చారు. అది ఎవరు తాగాలో తేలక, పోటీదారుల తరఫున చలమయ్య మూడూ తాగాడు. హాజరు పుస్తకంలో పోటీదారులు సంతకం చేయాలన్నారు. చేయలేరని చెబితే, "నిశానీ తీసుకోండి," అన్నారు పరాంకుశరావుగారు. ముందు చక్రానికి సిరా పూసి పుస్తకం మీదుగా దొర్లించారు. ఫియటు ముద్ర ముచ్చటగా పడింది. అంబాసిడరు ముద్ర నాలుగు పేజీలు తినేసింది.

సహాయకుల నియామకం జరిగింది. చలమయ్య జీపులో ఆయన బావమరిది ఎక్కాడు. మీరా పక్కన నేను. ఫియటులో అదనపు బ్రేకు ఉందని విని, అది అత్యంత సురక్షిత వాహనమని తేల్చి, పరాంకుశరావుగారు తామే ఎక్కారు. ఫైలు ఒళ్ళో పెట్టుకున్నారు. ముప్ఫై రెండేళ్ళు సులోచన కూర్చున్న సీట్లో ఆయన కూర్చున్నారు. విద్యార్థి సీట్లో సులోచన.

తువ్వాలు దిగింది. జీపు కదల్లేదు. చలమయ్య తాళం తిప్పిన కొద్దీ లోపల్నుంచి నిట్టూర్పు లాంటిది వచ్చి ఆగిపోయింది. ఫియటు, అంబాసిడరు పక్కపక్కనే బయల్దేరాయి. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు కూడా మాకంటే చురుగ్గా నడుస్తారు. న్యాయనిర్ణేతలు ముగ్గురు మాతోపాటు నడుస్తూ, వంగి, నిమ్మకాయలకేసి చూస్తున్నారు. జనం మొదట ఈల వేశారు, తర్వాత ఆవులించారు.

వంద మీటర్లు అలా పోయాక సులోచన బ్రేకు వేసి బండి ఆపేసింది. మీరా కూడా ఆపాడు. కిటికీలు ఎదురెదురుగా ఉండటంవల్ల మాటలన్నీ నాకు స్పష్టంగా వినబడ్డాయి.

"ఏమ్మా, ఎందుకు ఆపారు?" అన్నారు పరాంకుశరావుగారు.

"ముసలాళ్ళకు మధ్యలో విశ్రాంతివ్వాలని మీ పుస్తకంలోనే ఉంది గదండీ."

"అవును, ఆరో పేజీ. మంచిది."

సులోచన ముందున్న సిమెంటు దారిని చివరిదాకా చూసింది. తర్వాత గేరు తప్పించి, నిలబడ్డచోటే యాక్సిలేటరు ఒక్క తొక్కు తొక్కింది. బండి వణికింది. జాలీలోని చెంచా గిలగిల్లాడింది. నిమ్మకాయ ఎగిరి సిమెంటు మీద పడి దొర్లిపోయింది. న్యాయనిర్ణేతలు దాని వెనక పరుగెత్తారు.

"నిమ్మకాయ పడిపోయింది!" అన్నారు పరాంకుశరావుగారు బాధగా.

"పడిందండీ. ఇప్పుడు నేను పోటీలో ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టే. పన్నెండో పేజీ. అనర్హులు."

"పోటీలో లేనోళ్ళకి మీ రూల్సు వర్తిస్తాయాండీ?"

పరాంకుశరావుగారు ఫైలు తెరిచారు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు పేజీలు చూశారు. అట్ట వెనక కూడా చూశారు. ఆయన నిజాయితీపరుడు, లేనిది ఉందని చెప్పలేరు.

"వర్తించవు," అన్నారు.

మీరా ఇదంతా వింటున్నాడు. నావైపు తిరిగి, "గట్టిగా పట్టుకో మాస్టారూ," అని, తానూ ఒక్క తొక్కు తొక్కాడు. మా నిమ్మకాయ కూడా రాలింది.

"చెల్లెమ్మా! ఇక్కడి నుంచి పావుమైలంటే గీత దాటి ఆ వేపచెట్టు దాకా!"

"సరే అన్నా! మూడు లెక్కపెట్టు!"

ఆయన మూడు అన్నాక ఏం జరిగిందో వరసగా చెప్పడం నాకు చేతకాదు. చెవుల్లో ఉరుములు, ముక్కులో పెట్రోలు, వీపు సీటుకు అతుక్కుపోయింది. బానెట్ మీది శాలువాలు రెండూ గాల్లోకి లేచి షామియానా వైపు ఎగిరిపోయాయి. పక్కకు చూస్తే సులోచన. పమిట నడుముకు దోపుకుని, పళ్ళు బిగించి, రెప్ప వెయ్యకుండా ముందుకు వంగి ఉంది. కాసేపటికి ఆవిడ ముఖం కాక భుజం కనబడింది. తర్వాత వెనక తలుపు. తర్వాత వెనక చక్రం. నాకు కార్ల గురించి తెలియదు గాని, ఎదుటి కారు వెనక నంబరు ప్లేటు కనబడితే మనం వెనకపడ్డట్టేనని తెలుసు. వేపచెట్టు దగ్గర దాన్ని మూడంకెల దాకా చదివాను.

బండ్లు ఆగాక మీరా దిగి, నడుం పట్టుకుని, ఫియటు దగ్గరికి నడిచాడు. నేను ఎండ గురించి ఏమన్నా అంటాడేమోనని చూశాను.

"నువ్వే చెల్లెమ్మా," అన్నాడు. "చక్రం తేడా గాదు, బండి తేడా."

సులోచన స్టీరింగు వదల్లేదు. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు నవ్వుతోంది.

"ఏమీ కాలేదు మాస్టారూ," అంది నాతో. "అడుగంటా తొక్కినా ఏమీ కాలేదు. ఇన్నేళ్ళూ పిల్లల్ని ఊరికే భయపెట్టాను."

పరాంకుశరావుగారు ఎడమసీట్లో కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని, ఫైలును గుండెకు హత్తుకుని కూర్చున్నారు. కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది. కాళ్ళముందున్న బ్రేకును ఆయన ముట్టుకోనే లేదట. ఎందుకు తొక్కలేదని మీరా అడిగితే, గొంతు సవరించుకుని జవాబిచ్చారు.

"వారు పోటీదారు కానప్పుడు నేను సహాయకుణ్ణి కాను. ఆ పద్దెనిమిది సెకన్లూ నేను విధుల్లో లేను." ఆయన సెకన్లు లెక్కపెట్టారని అప్పుడే తెలిసింది.

ఎవరు ముందు దాటారో న్యాయనిర్ణేతలు చూడలేదు. వాళ్ళు ఇంకా మిరపచేలో రెండో నిమ్మకాయ కోసం వెతుకుతున్నారు. దొరికాక సమావేశమై ఫలితం ప్రకటించారు. ఇద్దరు పోటీదారులు అనర్హులు. నిమ్మకాయ పడకుండా చివరివరకు నిలుపుకొన్న ఏకైక పోటీదారు పొట్లూరి చలమయ్యగారి జీపు, బయల్దేరినచోటే నిలబడి, ప్రథమ స్థానం గెలుచుకుంది. బహుమతి ఒక చేతికర్ర, ఒక మంకీక్యాపు. క్యాపును హెడ్‌లైటుకు తొడిగి ఫోటో తీశారు. చలమయ్య వేదిక మీద మాట్లాడుతూ, విజయానికి తొందరపాటు పనికిరాదని యువతకు సందేశమిచ్చాడు. తర్వాత అందరం కలిసి జీపును తోసుకుంటూ ఇంటికి చేర్చాం.

జనవరిలో శంకుస్థాపన జరిగింది. రన్‌వే పోయింది. ఫిబ్రవరిలో సులోచనకు బండ్ల రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి ఒక నోటీసు వచ్చింది. ఫియటుకు కాలం చెల్లిందట. నెలలోపల తుక్కు కింద అప్పగించాలట. ఆవిడ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చుంది. ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఇద్దరం పరాంకుశరావుగారి దగ్గరికే వెళ్ళాం.

ఆయన నోటీసు చదివి, కళ్ళజోడు తీసి, చాలా తీవ్రంగా చూశారు. ఆయనకు కోపం రావడం ఆ కార్యాలయంలో ఎవరూ చూడలేదట. అప్పటికప్పుడు జవాబు రాయించారు. నకలు నా దగ్గర ఉంది.

'సదరు ఫియటు, వయస్సు అరవై మూడు సంవత్సరములు, ఈ కార్యాలయ రికార్డుల ప్రకారము గుర్తింపు పొందిన వయోవృద్ధురాలు. ఆమె ఆరోగ్య ధ్రువపత్రము, నిశానీ ఇందువెంట జతపరచడమైనది. వృద్ధులను తుక్కు క్రింద అప్పగించుమని కుటుంబ సభ్యులను ఒత్తిడి చేయుట తీవ్రముగా పరిగణించబడును. ఆమెను ఇంటివద్దనే ఉంచి, వేళకు నూనె వేసి, వారమునకొకసారి గాలికి త్రిప్పవలెను.'

ఎంత వేగంగా తిప్పాలో అందులో రాయలేదు. సులోచన ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివింది.

"అయ్యా, మీరా అన్న అంబాసిడరుని కూడా ఇందులో చేర్చండి," అంది. "ఒక్కత్తే తిరగాలంటే ముసల్ది బెంగపెట్టుకుంటది."

పరాంకుశరావుగారు పుస్తకం తిరగేసి తలూపారు. "నిజమే. వృద్ధులకు సాటివారి సాంగత్యం అవసరమని నాలుగో పేజీలో ఉంది." మరో వాక్యం చేర్చి, ముద్ర వేసి, కాగితం ఆవిడ చేతికిచ్చారు. మేం లేచి గుమ్మందాకా వచ్చాం.

"అమ్మా," అన్నారు వెనకనుంచి. తిరిగి చూస్తే ఆయన ఏదో ఫైలు మీదికి వంగి ఉన్నారు.

"ఆదివారం ఎన్ని గంటలకు?"